1959-61 చైనా కరువు: తప్పు వానదా, పార్టీదా?

సిరొంచ_పోరడు: నిన్నటి చర్చల ఒకాయన "చైనాల కోట్ల మంది సచ్చింది కమ్యూనిజం వల్లనే" అని రాసిండు. 1959 నుంచి అక్కడ అనావృష్టి, వరదలు రెండూ ఉన్నయి కదా? 1960ల సోవియట్ ఇంజినీర్లు గూడ వాపసు పోయిండ్రు. అంతా పార్టీ మీదికే నూకుడేంది?

పర్లాకిమిడి_మాస్టారు: వాన దెబ్బ నిజమే బాబూ. కానీ లెక్క చూడు. 1958లో 37.5 కోట్ల టన్నుల ధాన్యం పండిందని చాటారు. తర్వాత సవరించిన అంకె 20 కోట్లు. లెవీ, అంటే రైతు సర్కారుకి కట్టాల్సిన ధాన్యం, మాత్రం ఆ దొంగ అంకె మీదే. హుబేలోని మాచెంగ్‌లో మూకి 36,900 జిన్‌లు పండాయని పత్రికలో వేశారు. మూ అంటే పదహారున్నర సెంట్లు, జిన్ అరకిలో. అంటే ఎకరానికి సుమారు 1,120 క్వింటాళ్లు! మనకి పాతిక వస్తే పండగ. ఇలాంటి చోట్ల పక్క మళ్లలో ముదిరిన వరి పెకలించి ఒకే మడిలో కుక్కేవారు. గాలాడక కుళ్లకుండా పంకాలు పెట్టేవారు.

1959లో పండింది 17 కోట్లే. అయినా 40 లక్షల టన్నులకి పైగా ఎగుమతి చేశారు. మండీలో కటనీ-ఛటనీ అని తూకంలో కాస్త తరుగు కోస్తేనే మనం రోడ్డెక్కుతాం. అక్కడ "లేదు" అంటే ధాన్యం దాచావని సోదా.

జయపురం_ఎర్రన్న: 1943 బెంగాల్ కరువు ఏ కమ్యూనిస్టులు తెచ్చారు? 1976లో పార్టీ అధినేత మావో పోయేనాటికి చైనాలో సగటు ఆయుష్షు అరవై దాటింది. మనది యాభై పైచిలుకు. అది కూడా రాయండి మాస్టారూ.

పర్లాకిమిడి_మాస్టారు: ఆయుష్షు సంగతి ఒప్పుకుంటాను, చిన్న విషయం కాదది. బెంగాల్లో తెల్లదొరల పాలన, అయినా కలకత్తా పత్రికలో ఆకలి చావుల ఫొటోలు పడ్డాయి. చైనాలో? 1959 లూషాన్ సమావేశంలో రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ లోపాలు చెబుతూ మావోకి ఉత్తరం రాస్తే పదవి ఊడింది. అది చూసి కిందివాళ్లు మళ్లీ అంకెలు పెంచారు. 1958 హుకౌ (పుట్టిన ఊరికి కట్టేసే నివాస నమోదు) నిబంధనలతో పట్నం పోవడానికీ దారి మూసేశారు. వంట కమ్యూన్ (ఊళ్ల పొలాలు కలిపేసిన సమష్టి సంఘం) శాలలో, ఇంటి మూకుళ్లు ఉక్కు చేస్తామని కొలుముల్లో. గంజి కాచుకుందామన్నా గిన్నె లేని ఇళ్లు ఎన్నో.

సిరొంచ_పోరడు: మరి ఎట్ల ఆగింది?

రాయగడ_లెక్కలు: 1961లో కెనడా, ఆస్ట్రేలియాల నుంచి గోధుమలు కొన్నారు, లెవీ తగ్గించారు, వంటశాలలు మూశారు, పెరటి మళ్లు ఎవరివి వాళ్లకిచ్చేశారు. 1962 జనవరిలో దేశాధ్యక్షుడు లియూ షావోచీయే కొన్నిచోట్ల మూడు పాళ్లు ప్రకృతి, ఏడు పాళ్లు మనుషుల తప్పన్నాడు. తమ్ముడూ, నీ వాన వాటా ఆ మూడే.

జయపురం_ఎర్రన్న: పార్టీ మారకుండానే వియత్నాం 1989కల్లా బియ్యం ఎగుమతి చేసింది. దానికేమంటారు?

రాయగడ_లెక్కలు: 1988లో పొలాలు కుటుంబాల చేతికిచ్చాకే కదన్నా ఆ ఎగుమతి.