టెక్సస్‌లో హోమ్‌స్కూలింగ్: పుస్తకాలన్నీ క్రైస్తవ బోధతోనే కనిపిస్తున్నాయి, మనకు సరిపడేవి ఏవి?

డాలస్_అమ్మ:
అందరికీ నమస్కారం. పాప 2వ తరగతి, బాబు 6వ తరగతి. ఆగస్టు నుంచి ఇద్దరికీ ఇంట్లోనే చెప్పాలనుకుంటున్నాం. ఏ కరికులమ్ (పాఠ్యపుస్తకాల సెట్) తెరిచినా లెక్కల పుస్తకంలో కూడా బైబిల్ వాక్యాలు ఉన్నాయి. మేం హిందువులం. ఏ మతం మీదా చిన్నచూపు లేదు, కానీ సైన్సు సైన్సులాగే చెప్పాలి. బడి నుంచి తీసేటప్పుడు ఏం ఇవ్వాలి? ఏ పుస్తకాలు కొనొచ్చు? కో-ఆప్‌లో (ఇంట్లో చదివించే కుటుంబాలు కలిసి క్లాసులు నడుపుకునే బృందం) చేరాలంటే "స్టేట్‌మెంట్ ఆఫ్ ఫెయిత్" (విశ్వాస ప్రకటన) మీద సంతకం అడుగుతున్నారు, పెట్టాలా? తెలుగు ఎలా కలపాలి?

కాగితాలపని:
ముందు బడి సంగతి చూసుకోండి, ఇక్కడ పొరపాటు జరిగితేనే చిక్కు.

టెక్సస్‌లో ఇంటి చదువు ప్రైవేటు బడితో సమానం. 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయం చేసింది. నమోదు లేదు, ఏడాది చివర పరీక్ష లేదు. నిజాయితీగా చదువు చెప్పాలి, కంటికి కనిపించే కరికులమ్ ఉండాలి (పుస్తకాలు, వర్క్‌బుక్‌లు, వీడియోలు ఏవైనా సరే), అందులో ఐదు ఉండాలి: చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం. గమనించండి, మీరు భయపడుతున్న సైన్సు, చరిత్ర ఆ ఐదింటిలో లేవు. మానేయమని కాదు, కాలేజీకి రెండూ కావాలి. కానీ ఏ పుస్తకంతో చెబుతారన్నది పూర్తిగా మీ చేతిలో ఉంది.

బడికి ఒక ఉత్తరం చాలు: పిల్లల పేర్లు, ఏ తేదీ నుంచి ఇంట్లో చదువు మొదలు, మీ సంతకం, తేదీ. ఈమెయిల్‌లో పంపి కాపీ దాచుకోండి. ఐదు సబ్జెక్టులు చెబుతామని హామీ రాసిమ్మని స్కూల్ డిస్ట్రిక్ట్‌వాళ్లు అడగొచ్చు, అదీ రెండు వాక్యాలే. ఎక్కువమంది చేసే తప్పు, ముందు బడి మాన్పించి తర్వాత ఉత్తరం రాయడం. మధ్యలో రోజులన్నీ గైర్హాజరు కిందే లెక్క. ఆరు నెలల్లో అలాంటివి 10 రోజులైతే ట్రూయెన్సీ (బడి ఎగ్గొట్టడం మీద చట్టపరమైన చర్య) వ్యవహారంలోకి వెళ్తుంది. ఉత్తరం ముందు, మాన్పించడం తర్వాత.

వేరే రాష్ట్రానికి మారితే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. న్యూయార్క్‌లో అయితే ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి రిపోర్టు ఇచ్చుకోవాలి.

పుస్తకాలపురుగు:
మార్కెట్లో రెండు మాటలు తిరుగుతుంటాయి, వాటిమధ్య తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. "సెక్యులర్" అంటే పరిణామ సిద్ధాంతం, భూమి వయసు ఉన్నదున్నట్టు చెప్పేవి. "న్యూట్రల్" అంటే మతం మాట ఎత్తవు, కానీ ఆ అధ్యాయాల్ని కూడా మెల్లగా దాటేస్తాయి. మీ బాబు వయసుకి ఆ ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అబెకా, బీజేయూ ప్రెస్, అపాలజియా, క్లాసికల్ కన్వర్సేషన్స్ ఇవన్నీ క్రైస్తవులకోసం చేసినవే, ఆ సంగతి వాళ్లే చెప్పుకుంటారు. వాటిలో మతాన్ని ఏరేసి వాడుకుందాం అనుకోకండి. సైన్సులో బోధ పాఠంలోనే కలిసిపోయి ఉంటుంది, ఏరితే పాఠమే మిగలదు.

కొనేముందు శాంపిల్ పీడీఎఫ్ దించుకుని మూడు చోట్ల చూడండి: సైన్సు మొదటి అధ్యాయం, శిలాజాల పాఠం, తల్లిదండ్రులకు రాసిన ముందుమాట. ముందుమాటలో "వరల్డ్‌వ్యూ" (ఇక్కడ బైబిల్ దృష్టితో లోకాన్ని చూడటం) అన్న మాట పదేపదే వచ్చిందంటే మిగతాది చదవక్కర్లేదు. శిలాజాల దగ్గర "లక్షల, కోట్ల ఏళ్లు" అన్నది ఉందా, బైబిల్లోని జలప్రళయం ఉందా చూస్తే తేలిపోతుంది.

నా ఎంపిక: సైన్సుకి పాండియా ప్రెస్ వాళ్ల రియల్ సైన్స్ ఒడిస్సీ, పాపకి లెవల్ 1, బాబుకి లెవల్ 2. లెక్కలకి సింగపూర్ మ్యాథ్ లేదా మ్యాథ్ మామత్. లెక్కల్లో తరగతి చూసి కొనకండి, ప్లేస్‌మెంట్ టెస్ట్ (ఏ స్థాయి పుస్తకం సరిపోతుందో తేల్చే పరీక్ష) పెట్టండి, ఒక మెట్టు కిందికి రావడం మామూలే. ఇంగ్లిష్‌కి కోర్ నాలెడ్జ్ పీడీఎఫ్‌లు ఉచితం. వాళ్ల చరిత్ర పుస్తకాలూ ఉచితమే. అందులో యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల గురించి "వాళ్లు ఇలా నమ్ముతారు" అన్న ధోరణిలో ఉంటుంది. పిల్లలకి అదే కావాలి. అన్నీ కలిపి ఒకే పెట్టెలో కావాలంటే ఓక్ మెడో ఉంది, ఖరీదెక్కువ.

సలీం_హ్యూస్టన్:
సంతకం సంగతి నేను చెప్తానండీ. కో-ఆప్‌లు మూడు రకాలు: సభ్యులందరూ విశ్వాస ప్రకటనమీద సంతకం పెట్టాల్సినవి, పాఠం చెప్పేవాళ్లు మాత్రమే పెట్టాల్సినవి, నడవడిక నియమాలు మాత్రమే ఉండేవి. మొదటి రకంలో నమ్మనిదానికి సంతకం పెట్టకండి. రేపు మీ వంతు వచ్చినప్పుడు ప్రార్థన మీరే చేయించాల్సి వస్తుంది, పిల్లలు చూస్తుంటారు. రెండో రకానికి ముందే ఈమెయిల్ రాసి అడగండి: ఉదయం ప్రార్థన ఉందా, సైన్సు క్లాసుకి ఏ పుస్తకం, తల్లిదండ్రులు తప్పనిసరిగా పాఠం చెప్పాలా. దొరక్కపోతే నాలుగు కుటుంబాలు చాలు. వారానికి ఒక పూట, లైబ్రరీ గదిలో ఒకరు సైన్సు ప్రయోగం, ఒకరు చిత్రలేఖనం.

మత చదువుకి వేరే గంట పెట్టుకోండి, ఐదు సబ్జెక్టుల రికార్డులో కలపొద్దు. ముస్లిం కుటుంబాలకి ఖాయిదా (అరబీ అక్షరాల తొలి పుస్తకం), ఖురాన్ పారాయణం పొద్దున ఫజ్ర్ నమాజ్ అయ్యాక అరగంట బాగా సాగుతుంది. రంజాన్ ప్రతి ఏడాదీ 10, 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి కష్టమైన లెక్కల యూనిట్ ఆ నెలలో పడకుండా ఆగస్టులోనే క్యాలెండర్ వేసుకోవాలి. మీకు దసరా, సంక్రాంతి కూడా అంతే, సెలవులు ఎవరినీ అడగక్కర్లేదు.

డాలస్_అమ్మ:
చాలా థాంక్స్. చరిత్రకి స్టోరీ ఆఫ్ ద వరల్డ్ అందరూ చెబుతున్నారు, అది ఎలా ఉంటుంది? తెలుగు మాట ఎవరూ చెప్పలేదు.

పుస్తకాలపురుగు:
చదివించే గుణం ఉంది. కానీ మొదటి భాగంలో అబ్రహాం, మోషే కథలు ఈజిప్టు రాజుల చరిత్ర పక్కనే, అదే గొంతుతో వస్తాయి. వాడితే అక్కడ ఆగి "ఇది ఆధారాలున్న చరిత్ర, ఇది ఒక మతగ్రంథంలోని కథ" అని పిల్లలకి విడదీసి చెప్పాలి. మన పురాణాలకీ అదే కొలత పెట్టండి, లేకపోతే బాబు వెంటనే పట్టేస్తాడు.

తెలుగుకి వారాంతంలో మనబడి ఉంది, కానీ వారానికొక రోజుతో రాత నిలవదు. క్రైస్తవ కరికులమ్‌లలో చూసి రాయడానికి బైబిల్ వాక్యం ఇస్తారు కదా, ఆ చోట వేమన పద్యం పెట్టండి. వారానికొకటి, రోజుకి 15 నిమిషాలు: సోమవారం చదివి అర్థం, తర్వాత రోజుకొక పాదం రాత, వచ్చే సోమవారం చూడకుండా చెప్పడం. 36 వారాలకి 36 పద్యాలు. "ఉప్పు కప్పురంబు" పద్యంతో మొదలెట్టండి, మొదటి పాదంలోనే ద్విత్వాక్షరాలు మూడున్నాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు "ఉపు" అనేసి ఒత్తు మింగేస్తారు, రాతలోనూ అదే పోతుంది. కాబట్టి ప్ప, క్క దగ్గర చప్పట్లు కొట్టించి ఆపి పలికించండి, తర్వాతే పెన్సిల్ ఇవ్వండి.