ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతున్న 1993 ఆర్వీ: పంపా, ఫిల్టరా, ఇంకేమైనానా?

ఎడారి_బాటసారి:
అందరికీ నమస్కారం. మాది 1993 ఫోర్డ్ ఈ-350 వ్యాను మీద కట్టిన క్లాస్ సీ ఆర్వీ, అంటే పడక, వంటిల్లు ఉన్న ఇంటి బండి. 460 ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నిన్న మధ్యాహ్నం ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరాం. ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటి ఎత్తు మొదలవగానే బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ జర్కులు. రోడ్డు అంచు పట్టుకుని సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియా దాకా ఎలాగో ఈడ్చుకొచ్చాను. బయట 43 డిగ్రీలు. గంట ఆగాక మామూలుగా స్టార్ట్ అయింది.

ఇప్పుడు క్యాంప్ వర్డీలో ఉన్నాం. ఇక్కడి షాపులో చూడకుండానే "ట్యాంకులోంచి పెట్రోల్ తోడే పంపు పోయింది, ట్యాంకు దించాలి, 1,400 డాలర్లు" అన్నారు. ముందు ఫ్లాగ్‌స్టాఫ్ దాకా ఇంకా పెద్ద ఎత్తు ఉంది. అమ్మానాన్నలు కూడా బండిలోనే ఉన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

పాత_ఇంజిన్:
అన్నా, ట్యాంకు ఇప్పుడే దించనివ్వకండి. చదును రోడ్డు మీద బాగుండి ఎత్తులో చచ్చిపోతోందంటే ఇంజిన్‌కి కావాల్సినంత పెట్రోల్ అందడం లేదు. దానికి పంపు ఒక్కటే కారణం కాదు.

ముందు ట్యాంకు మూత. ఈసారి బండి మొరాయించగానే మూత తిప్పి చూడండి. గాలి లోపలికి 'స్‌స్' అని లాక్కుంటే మూతలోని వెంట్ (గాలి రంధ్రం) మూసుకుపోయినట్టే. అది పది పదిహేను డాలర్లతో పోయే జబ్బు.

తర్వాత ప్రెషర్. స్పేర్ పార్టుల దుకాణాల్లో చాలాచోట్ల డిపాజిట్ కడితే గేజ్ అరువిస్తారు. ఇంజిన్ మీద ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే పైపుకి టైరు వాల్వ్ లాంటిది ఉంటుంది, అక్కడ తగిలించాలి. ఐడిల్‌లో 30 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) అటూ ఇటూ, ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్‌కున్న సన్నటి వ్యాక్యూమ్ పైపు పీకితే 40 దగ్గరికి రావాలి. ఆ పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ పొర చిరిగినట్టు. కానీ నిలబెట్టి చూసిన రీడింగ్‌ని నమ్మకండి. పొడవాటి పైపున్న గేజ్ తెచ్చి, బానెట్ సందులోంచి బయటికి తీసి, అద్దం మీద టేపుతో అంటించి, ఎత్తు ఎక్కుతూ చూడాలి. అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

బేకర్_దారి:
నా అనుభవం చెప్తాను. మాది 1985 షెవీ పీ30 మీద కట్టిన ఆర్వీ, 454 ఇంజిన్, ఇంజెక్షన్ కాదు, పాతకాలం కార్బ్యురేటర్. లాస్ వెగాస్ వెళ్తూ బేకర్ దాటాక ఐ-15 ఎత్తులో సరిగ్గా ఇలాగే ఆగింది. అది వేపర్ లాక్. ఇంజిన్ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరై, ఇంజిన్‌కి బిగించిన మెకానికల్ పంపు ఆ ఆవిరిని లాగలేక చేతులెత్తేసింది. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టించి, సైలెన్సర్ గొట్టానికీ పెట్రోల్ పైపుకీ మధ్య రేకు అడ్డం వేయించాక మళ్లీ రాలేదు. మాకు జరిగింది మార్చి నెలాఖరులో. చలికాలం పెట్రోల్ తొందరగా ఆవిరవుతుందని, అది ట్యాంకులో ఉండగా ఎండ ముదిరితే ఇలా అవుతుందని తర్వాత తెలిసింది.

పాత_ఇంజిన్:
బేకర్ గారూ, మీది నిజంగా వేపర్ లాకే. కానీ ఈ అన్న బండి ఇంజెక్షన్‌ది, పంపు ట్యాంకులోనే ఉంటుంది. పైపులో అంత ప్రెషర్ ఉంటే పెట్రోల్ అంత సులువుగా మరగదు. అయితే ఆ పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అన్నా, ఆగినప్పుడు ట్యాంకులో ఎంత ఉంది?

ఎడారి_బాటసారి:
పావు కంటే తక్కువే. ఎక్కాక పోయిద్దామనుకున్నాను. బండి కొన్నప్పటి నుంచీ పెట్రోల్ ఫిల్టర్ మార్చలేదు.

భాగ్యనగరం_ట్రావెలర్:
హైదరాబాద్ నుంచి. నాది డీజిల్ కాబట్టి నేరుగా పనికిరాదేమో గానీ చెప్తాను. మంచాలు వేయించుకున్న పాత టెంపో ట్రావెలర్, అనంతగిరి ఘాట్‌లో అరకు వెళ్తూ రెండుసార్లు ఆగింది. ప్రతిసారీ ఎయిర్ తీసి, హ్యాండ్ పంపు కొట్టి నడిపించాం. ఎక్కడా చుక్క కారడం లేదు, అదే మమ్మల్ని తిప్పలు పెట్టింది. ట్యాంకు నుంచి పంపుకి లాగే వైపు రబ్బరు పైపు పగిలితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. మెకానిక్ ఆ పైపు స్థానంలో తాత్కాలికంగా పారదర్శకమైన పైపు పెడితే బుడగలు కళ్లకు కనిపించాయి.

వంటిల్లు_చక్రాలమీద:
తమ్ముడూ, పెట్రోల్ పైపు ఏది విప్పినా ముందు బండిలోని ప్రొపేన్ గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టెయ్యి. ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంటే లోపల మంట వెలుగుతూనే ఉంటుంది, మనకు కనిపించదు. జనరేటర్ ఆపు. పైపులో ప్రెషర్ తగ్గించాకే విప్పు. అమ్మానాన్నల్ని బండి దిగి నీడలో కూర్చోమను. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకో. ఇవన్నీ చేశాకే స్పానర్ పట్టుకో.

పైపులు మారిస్తే దాని మీద 30ఆర్9 అని ఉన్నదే కొను. ఆర్7 కార్బ్యురేటర్ బండ్లది, నీ ప్రెషర్‌కి చాలదు.

పాత_ఇంజిన్:
అక్క చెప్పింది అక్షరాలా పాటించండి. ఇంకొకటి: పంపు దగ్గర కరెంటు ఎంత అందుతోందో మల్టీమీటర్‌తో చూడండి. ఇన్నేళ్ల బండిలో ఎర్త్ వైరు తుప్పు పట్టకుండా ఉండదు.

ఎడారి_బాటసారి:
రెండు రోజులు పట్టింది, క్షమించండి. మూత బాగానే ఉంది. నిలబెట్టి చూస్తే ఐడిల్‌లో ప్రెషర్ 31, అంతా సవ్యంగానే కనిపించింది. గేజ్ అద్దానికి అంటించి చిన్న ఎత్తు ఎక్కితే 18కి పడిపోయింది. ఫిల్టర్ విప్పి వంచితే నల్లటి మడ్డి నీళ్లు వచ్చాయి. అది మార్చాక 27 దాకా వచ్చింది, అయినా చాలదు.

తర్వాత కరెంటు చూశాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు కనెక్టర్ దగ్గర 9.9. ఎర్త్ వైరు ఫ్రేముకి బిగించిన బోల్టు పచ్చగా, పొడిపొడిగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, వైరు చివర కొత్త కన్ను (బోల్టు దూరే రింగు) బిగించాను. 13.1 అయింది. ఖర్చు ఫిల్టర్‌తో కలిపి 40 డాలర్ల లోపే.

ట్యాంకు నింపుకుని ఇవాళ తెల్లవారుజామున, ఎండ రాకముందే బయల్దేరాం. క్యాంప్ వర్డీ నుంచి పైకి ఎక్కుతున్నంతసేపూ ముల్లు 38 దగ్గరే నిలబడింది. నాన్న పక్క సీట్లో కూర్చుని ప్రతి మైలుకీ రీడింగ్ చదివి వినిపించారు. ఫ్లాగ్‌స్టాఫ్ చేరాం. ఇంకో ఫిల్టర్ కొని సీటు కింద పెట్టాను. గేజ్ మాత్రం ఇంకా అద్దం మీదే ఉంది, తిరుగు ప్రయాణం అయ్యేదాకా తీయను.