అప్‌డేట్: మా కాంప్లెక్స్ చెత్త గొడవ ఏమైందంటే

పోయిన నెల అడిగాను కదా, ద్వారకానగర్‌లో మా కాంప్లెక్స్ కింద టిఫిన్ సెంటర్ వాళ్లు తడి, పొడి చెత్త కలిపి పడేస్తున్నారు, ఫైన్ మాత్రం అన్ని షాపులకీ పడుతోంది, ఏం చేయాలి అని. మీలో ఒకరు చెప్పినట్టే కాంప్లెక్స్ చెత్తంతా వారం రోజులు తూకం వేయించాం. రోజుకు 130 కిలోల పైనే! ఘన వ్యర్థాల నిబంధనల్లో రోజుకు సగటున 100 కిలోలు దాటితే బల్క్ జనరేటర్ (ఎక్కువ చెత్త వచ్చే చోటు) కిందే లెక్క, వేరు చేసి ఇవ్వాల్సింది మనమే. ఆ లెక్కల కాగితం చూశాక కాంప్లెక్స్ ఓనర్ గారు దారికొచ్చారు. అట్టపెట్టెలు ఇప్పుడు స్క్రాప్ షాపు ఆయన పట్టుకెళ్తున్నాడు, వచ్చే డబ్బులు వాచ్‌మన్‌కి. టిఫిన్ సెంటర్ కుర్రాడు మాత్రం నిన్న కూడా పొడి చెత్త వేసే నీలం డబ్బాలో మిగిలిన సాంబారు పోసేశాడు, తడిసిన అట్టలు నేనే ఏరాను, కంపు చేతికి ఇంకా పోలేదు. ఇకమీదట ఫైన్ పడితే ఎవరి వల్ల పడిందో వాళ్లే కట్టాలని అందరితో సంతకాలు పెట్టించాం.