రొయ్యల చెరువుకు సోడియం అయాన్ బ్యాటరీ ఇప్పుడే కొనవచ్చునా?

ప్రశ్న (ఇందుకూరుపేట):
మా చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు, ఒక్కొక్కటి ఒక హెచ్.పి. గలవి, నాలుగు తిరుగుతున్నాయి. రాత్రి కరెంటు పోతే డీజిల్ జనరేటరే దిక్కు. ఒక కొత్త సంస్థ, లిథియంకు బదులు సోడియంతో పనిచేసే సోడియం అయాన్ బ్యాటరీలను తొలి వినియోగదారుగా నాకు సగం ధరకే ఇస్తామని, సొమ్ము మాత్రం ముందే కట్టాలని అంటున్నది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు (ఒంగోలు, ఎలక్ట్రికల్ ఇంజనీరు):
నాలుగు హెచ్.పి. అంటే సుమారు 3 కిలోవాట్లు. నాలుగు గంటలకు 12 యూనిట్లు, మధ్యలో వృథా అయ్యే కరెంటు కలిపితే మరికొంత కావాలి. ఈ బ్యాటరీ లిథియం కంటే బరువైనదే గాని, గట్టు మీద కదలకుండా ఉండేదానికి బరువుతో పనేమున్నది? అయితే ప్రయోగశాలలో పనిచేయడం వేరు, ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలవడం వేరు. లిథియం అయాన్‌కు కీలకమైన కోబాల్ట్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్ 1980లోనే వెలువడినా, సోనీ ఆ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చేసరికి 1991 అయింది.

జవాబు (అల్లూరు, రైతు):
అన్నా, మా గట్టు మీది ఇన్వర్టర్ టెర్మినళ్లకు ఒక్క వానాకాలంలోనే పచ్చటి చిలుము పట్టింది. అడిగితే, తీరప్రాంతానికి వారంటీ వర్తించదన్న చిన్న అక్షరాల వాక్యం చూపించారు. జనరేటరును మాత్రం అమ్మకండి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు నీటిపైకి తేలుతుంటే, సర్వీసు మనిషి చెన్నై నుంచి వచ్చేదాకా అవి ఆగవు.

ప్రశ్న అడిగినవారు:
ఒక్క చెరువుకే పెట్టించి, సగం సొమ్ము పంట పట్టిన తరువాత ఇస్తానని అడుగుతాను. వారంటీ కాగితం రేపే తెప్పిస్తాను.