పత్రం నైవ యదా... ఆ మూడక్షరాలేమిటి?

కనిగిరి రైతుబిడ్డ: భర్తృహరి శ్లోకం. ‘పత్రం నైవ యదా ...విటపే దోషో వసంతస్య కిం’. దానికి ఆకులు రాకపోతే వసంతం తప్పేమిటని అర్థం. నడుమ మాట నోటికి రావడం లేదు. ‘కరిర’ అంటే నడక కుంటుతోంది. మా చేనిగట్టున ఆకుల్లేని ముళ్ళపొద ఒకటుంది, ఫోటో పెట్టాను. అదేనా? అయితే ఇంకో నాలుగు వేస్తాను.

పొదిలి మాస్టారు: కరీర. శార్దూల వృత్తమండీ, ‘వయదా’ తర్వాత జగణం (లఘువు, గురువు, లఘువు) పడాలి, ‘రీ’ దీర్ఘం తప్పదు. అర్థం మాత్రం వెదురుమొలక. అమరకోశంలో అమరుడే చెప్పాడు.

కావలి శర్మ: మాస్టారూ, అమరుడు అక్కడే ఒక చెట్టనీ, కుండ అనీ కూడా చెప్పాడు. కుండ చిగురించలేదని వసంతాన్ని ఎవరంటారు? పక్కనే ‘విటపే’, అంటే కొమ్మ మీద, అని ఉంది. మొలకకు కొమ్మలెక్కడివి? శ్లోకంలోది రాజస్థాన్ వాళ్ళ కేర్ చెట్టు. లేతకొమ్మకు బుల్లి ఆకులొచ్చి రాలిపోతాయి, పచ్చటి కొమ్మలే ఆకుల పని చేస్తాయి. ఎండాకాలం మొదట్లో ఇటుకరంగు పూలతో నిండిపోతుంది. భర్తృహరి ఆ పూలను చూడనట్టే ఊరుకున్నాడు!

కందుకూరు నర్సరీ: ఫోటో మసగ్గా ఉందన్నా. కొమ్మ తుంచి చూడు, పాలు కారితే జెముడు జాతి. కేర్ అయితే పాలుండవు, పొట్టి ముళ్ళు జంటలుగా ఉంటాయి, పండితే కాయ ఎర్రబడుతుంది. పండిన కాయల గింజలు ఎండబెట్టి దాచకుండా వెంటనే వెయ్యి. వేరుపిలకలతోనూ వస్తుంది. నీళ్ళు నిలిచే రేగడి వద్దు. ఎదుగుదల మాత్రం మహా నెమ్మది.

నెల్లూరు పెద్దాయన: ఎడారి చెట్టంటే జమ్మే. కేర్-సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే జమ్మికాయే కదా. పాండవుల ఆయుధాలను మా తిక్కన దాని మీదే పెట్టించాడు.

అద్దంకి వాసి: పెట్టించింది వ్యాసుడు లెండి. మీ తిక్కన అరణ్యపర్వం జోలికే పోలేదు, మిగిలింది పూర్తిచేసింది మా ఎర్రన.

నెల్లూరు పెద్దాయన: విరాటం నుంచి పదిహేను పర్వాలు రాసినాయన్ని పట్టుకుని ఆ మాటా!

కావలి శర్మ: వ్రజభాషలో రాసిన కృష్ణభక్త కవి రసఖాన్ అయితే కోటి బంగారు మేడలైనా బృందావనంలో కరీల, అంటే కరీర పొదలకు సాటిరావన్నాడు. అవి వెదురుమొలకలా, మాస్టారూ?

పొదిలి మాస్టారు: వ్రజభాషతో సంస్కృతాన్ని తేల్చకండి.

కనిగిరి రైతుబిడ్డ: తుంచాను. పాలు రాలేదు, ముళ్ళు జంటగానే ఉన్నాయి. మరి కేరేనా?

అద్దంకి వాసి: ఎర్రన హరివంశం అంకితమిచ్చింది మా ప్రోలయ వేమారెడ్డికే, అది కూడా రాసుకోండి పెద్దాయనా.