క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు ఒమెప్రజోల్ వేసుకోవచ్చునా?

తొలకరి:
మా నాన్నగారికి గుండెలో స్టెంట్ వేసి నాలుగు నెలలైంది. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ వాడుతున్నారు. కడుపులో మంటకని మరొక డాక్టరుగారు ఒమెప్రజోల్ రాశారు. మందుల దుకాణంలో ఒకాయన చీటీ చూసి, ఈ రెండూ కలిపి వాడకూడదని అన్నారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే సరిపోతుందా?

కల్వం:
ఆయన చెప్పినది నిజమే. క్లోపిడోగ్రెల్ మింగిన రూపంలో పనిచేయదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము దానిని చురుకైన రూపంలోకి మార్చిన తరువాతే అది ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపగలుగుతుంది. ఒమెప్రజోల్, దానికి దగ్గరి మందైన ఎసోమెప్రజోల్ సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయమై 2009లోనే హెచ్చరించింది. రెండింటి మధ్య 12 గంటల ఎడం ఇచ్చినా ప్రయోజనం లేదని కూడా తేలింది. కడుపులో మంటకే వాడే పాంటోప్రజోల్‌కు ఈ గుణం చాలా తక్కువ. నేను ఇరవై ఏళ్లుగా మందుల దుకాణంలో పనిచేస్తున్నాను, ఈ జంట కనబడినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను.

దీపస్తంభం:
కల్వం గారూ, మీరు సగమే చెప్పారు. 2010లో వెలువడిన కోజెంట్ పరీక్షలో సుమారు 3,760 మందికి క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఇస్తూ, సగం మందికి ఒమెప్రజోల్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర కలిపి చూశారు. గుండెపోటు వంటి ఘటనలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కడుపులో పుండ్లు, రక్తస్రావం వంటి ఇబ్బందులు మాత్రం 2.9 శాతం నుంచి 1.1 శాతానికి తగ్గాయి.

కల్వం:
ఆ పరీక్ష నడిపించిన కంపెనీ దగ్గర డబ్బు అయిపోయి మధ్యలోనే ఆగిపోయిందన్న సంగతి ఎందుకు వదిలేశారు? అందులో నమోదైన గుండె ఘటనలు చాలా తక్కువ కనుక, హాని లేదని దానిని బట్టి తేల్చలేము. పైగా అందులో వాడినది రెండు మందులనూ కలిపి ప్రత్యేకంగా తయారుచేసిన మాత్ర.

ఉడుత:
తొలకరి గారూ, నాన్నగారు నొప్పులకు ఏమైనా వేసుకుంటున్నారా?

దీపస్తంభం:
ఎంజైము ఎంత శాతం అణిగిందన్నది నాకు ముఖ్యం కాదండీ, మనిషికి ఏమైందన్నదే ముఖ్యం.

కల్వం:
స్టెంట్‌లో గడ్డ కట్టిన తరువాత మనిషికి ఏమవుతుందో మీకు తెలియదనుకోను. పాంటోప్రజోల్ చేతికి అందుతుండగా ఒమెప్రజోలే కావాలని మీరు పట్టుబట్టడం మొండితనం తప్ప మరొకటి కాదు.

దీపస్తంభం:
ఒమెప్రజోలే కావాలని నేను ఎక్కడ అన్నాను? మా అమ్మ కూడా ఇవే రెండు మాత్రలు వాడేది. ఒక దుకాణంలో మీలాగే ఒకరు "ఇది గుండె మాత్రను చెడగొడుతుంది" అని చెప్పి పంపారు. బదులుగా ఏమి వాడాలో చెప్పలేదు, డాక్టరును అడగమనీ చెప్పలేదు. అమ్మ ఆ రాత్రి నుంచే గ్యాస్ మాత్ర మానేసింది, మాకు ఎవరికీ చెప్పలేదు. మూడో వారంలో విరేచనం తారులా నల్లగా అవుతోందని సిగ్గుపడుతూ చెప్పేసరికి మెట్లెక్కలేనంత నీరసించిపోయింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. రక్తస్రావం ఆగడానికి గుండె మాత్రలు కూడా కొన్నాళ్లు నిలిపివేయవలసి వచ్చింది. మీరు భయపడే ప్రమాదానికి ఆ హెచ్చరికే మమ్మల్ని దగ్గర చేసింది.

కల్వం:
మీ అమ్మగారికి జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. కానీ ఆ కారణంగా మమ్మల్ని నోరు మూసుకోమంటారా? ఒకసారి ఇదే జంట ఉన్న చీటీ చూసి డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "నా చీటీ దిద్దడానికి మీరెవరు" అన్నారు. ఆ రోజు మందులిచ్చి పంపేశాను. ఆ పెద్దాయన మళ్లీ మా దుకాణానికి రాలేదు. ఎందుకు రాలేదో ఈనాటికీ తెలియదు.

దీపస్తంభం:
చెప్పవద్దని కాదు. "ఏదీ మానకండి, మార్చమని డాక్టరును అడగండి" అన్న వాక్యం లేకుండా చెప్పవద్దంటున్నాను. మందుల పేర్ల మీద మనిద్దరికీ తగాదా లేదు.

తొలకరి:
ఉడుత గారూ, ఆలస్యానికి క్షమించండి. మీరు అడిగాక మాత్రలన్నీ బల్ల మీద పరిచి చూశాను. మోకాళ్ల నొప్పికి ఐబూప్రొఫెన్ స్ట్రిప్ ఒకటి సగం ఖాళీ అయి ఉంది. పొద్దున లేవగానే అది వేసుకుని, గంట తరువాత ఆస్పిరిన్ వేసుకుంటున్నారట.

ఉడుత:
అందుకే అడిగాను. ప్లేట్‌లెట్‌లో ఆస్పిరిన్ పనిచేసే కాక్స్-1 అనే ఎంజైము దగ్గర ఐబూప్రొఫెన్ ముందే చేరి కూర్చుంటే ఆస్పిరిన్‌కు చోటు దొరకదు. ఐబూప్రొఫెన్ కొన్ని గంటలకు దిగిపోతుంది, కానీ ఆ లోపే ఆస్పిరిన్ రక్తంలో విచ్ఛిన్నమైపోతుంది. మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తరువాత గానీ, దానికి ఎనిమిది గంటలకు పైగా ముందు గానీ ఐబూప్రొఫెన్ వేసుకోవాలని 2006లో ఎఫ్‌డీఏ చెప్పింది. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మూడూ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు కూడా పెరుగుతుంది కనుక, వేళలు సర్దుకుని ఊరుకోకండి, రేపే గుండె డాక్టరుగారికి చూపించండి.

కల్వం:
ఇన్ని రాసి ఆ ప్రశ్న నేను అడగలేదు. పొరపాటు నాదే.

తొలకరి:
ఈరోజు గుండె డాక్టరుగారిని కలిశాం. చీటీలు రెండూ, స్ట్రిప్‌లన్నీ చూపించాం. ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ రాశారు, ఐబూప్రొఫెన్ ఆపించి నొప్పికి పారాసెటమాల్ ఇచ్చారు. మోకాళ్ల మాత్ర సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదట.

దీపస్తంభం:
సంతోషం. ఒక్క మాట అడుగుతాను. దుకాణంలో ఆయన ఆ రోజు "మానకండి" అని చెప్పారా?

తొలకరి:
లేదండీ. నాన్నగారు అప్పటికే మూడు రోజులుగా ఒమెప్రజోల్ వేసుకోవడం లేదు.