మట్టి కోర్టు అమ్మాయిలు ఇండోర్‌లో సర్వీస్ ఎందుకు తీయలేకపోతున్నారు?

పుత్తూరు పీఈటీ

అందరికీ నమస్కారం. హైస్కూల్, ఇంటర్ అమ్మాయిల వాలీబాల్ టీం మాది. బడి మైదానంలో మట్టి కోర్టు, ఇనుప పైపు పోస్టులు, తాడు నెట్టు. ఈ చుట్టుపక్కల మ్యాచ్‌లలో బాగానే నెగ్గుకొస్తారు. తిరుపతిలో ఇండోర్ హాల్లోకి దిగితే మాత్రం మొదటి సెట్‌లోనే రిసెప్షన్, అంటే అవతలివాళ్ల సర్వీస్ అందుకోవడం, కూలిపోతుంది. బంతి చేతికి తగిలి గ్యాలరీలోకి పోతుంది, లేదా ఇద్దరి మధ్య పడుతుంది.

2025లో ఇండోనేషియాలోని సురబయలో జరిగిన మహిళల అండర్-21 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు పిల్లకాయలకు చూపించాను. అక్కడ జంప్ ఫ్లోట్ సర్వీస్‌ను (ఎగిరి, బంతి తిరగకుండా కొట్టేది) ముగ్గురే నిలబడి తీసేస్తున్నారు. మావాళ్లు ఐదుగురు నిలబడినా కావడం లేదు. డబ్బు పెద్దగా లేదు. కోర్టులో ముందు ఏం సరిచేయాలి? రిసెప్షన్ ఎట్లా నేర్పాలి? రేపు ఎవరైనా క్యాంపుకు ఎంపికైతే వయసు లెక్క, కాగితాల సంగతి కూడా చెప్పండి.

లైన్ జడ్జి, చిత్తూరు

మాస్టారూ, ముందు టేపు తీసుకుని కోర్టు కొలవండి. పల్లె కోర్టుల్లో సగం చతురస్రమే కుదరదు. ఒక్కో సగం 9 × 9 మీటర్లు, మూల నుంచి మూలకు 12.73 మీటర్లు రావాలి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే లైను వంకర పోయినట్టే. 5 సెంటీమీటర్ల లైను మందం ఈ కొలతలోపలే ఉండాలి, బయట కాదు. లైన్లకు సున్నం వద్దు, డైవ్ చేసినప్పుడు కళ్లలో పడితే మంట. ముగ్గుపిండి చాలు.

నెట్టు మధ్యలో 2.24 మీటర్లు. సైడ్‌లైన్ల మీద రెండు పక్కలా ఒకే ఎత్తు ఉండాలి, అది 2.26 దాటకూడదు. తాడు నెట్టుతో వచ్చే తంటా ఏమంటే, పొద్దున బిగించింది సాయంత్రానికి మధ్యలో జారిపోతుంది. పై అంచులో స్టీల్ వైరు దూర్చి ఒక పోస్టు దగ్గర టర్న్‌బకిల్ (వైరు బిగించే మర) పెట్టండి. కింది అంచు తాడూ బిగించండి, లేకపోతే నెట్టుకు తగిలిన బంతి తిరిగి లేవదు, అక్కడే చచ్చిపోతుంది. ఒక వెదురు బద్ద మీద 2.24, 2.26 దగ్గర రంగు గీతలు గీసుకుని ప్రతి ప్రాక్టీసుకూ ముందు కొలవండి.

యాంటెన్నా (నెట్టుకు రెండు పక్కలా నిలువుగా కట్టే కడ్డీ) లేకుండా మాత్రం ఆడించొద్దు. 1.80 మీటర్ల పొడవు, నెట్టుపైన 80 సెంటీమీటర్లు లేవాలి, సైడ్‌లైన్ బయటి అంచుకు సరిగ్గా పైన కట్టాలి. ఫైబర్ కడ్డీ దొరికితే అదే మేలు, దొరక్కపోతే సన్న పీవీసీ పైపుకు 10 సెంటీమీటర్లకో ఎర్ర పట్టీ చుట్టినా ప్రాక్టీసుకు పనికొస్తుంది. అది లేని కోర్టులో పిల్లకాయలు పోస్టు పక్కనుంచి బంతి దాటించడం అలవాటు చేసుకుంటారు. పెద్ద మ్యాచ్‌లో అది ఊరికే ఇచ్చేసే పాయింటు.

వెనక లైను తర్వాత గోడో కాలవో ఉందా? 3 మీటర్లు ఖాళీ తప్పనిసరి. లేదంటే జంప్ ఫ్లోట్‌కు అడుగులు వేసే చోటే ఉండదు. పిల్లకాయలు ఆ సర్వీస్ వేయరు, కాబట్టి ఎదుర్కోనూ లేరు. కొత్తగా కోర్టు వేస్తే పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి, సాయంత్రం ఎండ కళ్లలో కొట్టదు.

లిబెరో అక్క

గ్యాలరీలోకి పోతోందన్నారు చూడండి, జబ్బు అక్కడే బయటపడింది. అమ్మాయిలు చేతులు ఊపుతున్నారు. గాలి తగ్గిన పాత బంతితో ఆడే చోట ఊపకపోతే బంతి సెటర్ (రెండో టచ్‌లో బంతి లేపి ఇచ్చే అమ్మాయి) దాకా పోదు, అందుకే ఆ అలవాటు. సరైన గాలి ఉన్న కొత్త బంతికి అదే ఊపు ఇస్తే హాలు పైకప్పుకు తగులుతుంది. టెక్నిక్ కంటే ముందు పంపు, గేజ్ కొనండి.

ఫ్లోట్ బంతి తిరగదు. తిరగని బంతి వెనక గాలి ఒకసారి ఇటు, ఒకసారి అటు విడిపోతుంది. అందుకే అది చివరి రెండు మూడు మీటర్లలో పక్కకు జరుగుతుంది, లేదా దబ్బున దిగిపోతుంది. బంతి వచ్చాక కదిలితే ఆలస్యమే. సర్వర్ చెయ్యి తగలగానే అడుగు పడాలి, బంతి నెట్టు దాటేలోపు రెండు చేతులూ కలిసి పలకలా సిద్ధంగా ఉండాలి. మోచేతులు వంచకుండా, భుజాలు టార్గెట్ వైపు తిప్పి, బంతిని ఆపినట్టు తీయాలి. తోయకూడదు. ఛాతీ పైకి వచ్చే ఫ్లోట్‌ను వేళ్లతో తీయమనండి. సర్వీస్ మొదటి టచ్ కాబట్టి ఒకే కదలికలో డబుల్ పడినా (బంతి రెండుసార్లు తగిలినా) తప్పు కాదు, పట్టి విసిరితేనే తప్పు.

మీకు జంప్ ఫ్లోట్ వేసేవాళ్లు లేకపోతే, అవతలి కోర్టులో నెట్టుకు 6, 7 మీటర్ల దూరంలో బెంచీ వేసుకుని దాని మీద నిలబడండి. అరచేతి మధ్యతో, మణికట్టు కదపకుండా, నెట్టుపైన 30 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో చదునుగా కొట్టండి. ముగ్గురు రిసీవర్లు, ఒక్కొక్కరికి 10 బంతులు చొప్పున తిప్పండి. మూడో రౌండులో ఊపు మళ్లీ మొదలవుతుంది, అప్పుడు ఆపేయాలి. అలసటలో కొట్టిస్తే పాత అలవాటే గట్టిపడుతుంది.

టార్గెట్, అంటే బంతి పంపాల్సిన చోటు, నెట్టుకు అంటుకుని వద్దు. 2, 3 జోన్ల మధ్య (నెట్టు దగ్గర కుడి నుంచి ఎడమకు 2, 3, 4; వెనక 1, 6, 5), నెట్టుకు మీటరు నుంచి మీటరున్నర ఇవతల. అట్లయితే రవంత ఎక్కువ పోయినా బంతి అవతలివాళ్ల బ్లాకర్ చేతికి చిక్కదు.

ఇద్దరి మధ్య పడేదానికి కారణం అరవకపోవడమే. బంతి నెట్టు దాటకముందే "నాది" అనాలి. పొట్టి బంతికి ఒకరు ముందుకు పోతే, రెండోవాళ్లు వాళ్ల వెనక నుంచి పొడవు బంతి చూసుకోవాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది సర్వీస్‌కు ముందే తేల్చుకోండి.

పుత్తూరు పీఈటీ

చాలా థ్యాంక్స్ అక్కా. ముగ్గురితో తీస్తే సెటర్ ఎక్కడ నిలబడాలి? మావాళ్లకు వెంటనే రొటేషన్ ఫాల్ట్ (నిలబడే క్రమం తప్పిన తప్పు) పడుతుంది. ఇంకో మాట, మ్యాచ్‌లలో వాడే బంతే కొనాలా?

రేణిగుంట రోడ్

బంతి సంగతి నేను చెప్తా. ఎఫ్ఐవీబీ (అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య) మ్యాచ్‌లలో వాడేది మికాసా వీ200డబ్ల్యూ. దాన్ని మట్టి మీద కొట్టిస్తే పైనున్న సన్న గుంటలు అరిగిపోయి ఫ్లోటే మారిపోతుంది, అంత డబ్బు మట్టిపాలు చేయొద్దు. ఒక్కటి కొని హాల్లోనో సిమెంటు నేల మీదో వాడండి, మట్టికి మామూలువి. కానీ ఏ బంతైనా చుట్టుకొలత 65-67 సెంటీమీటర్లు, బరువు 260-280 గ్రాములు, గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు. సైకిల్ పంపు గేజ్ లెక్కలో 4.3 నుంచి 4.6 పీఎస్ఐ. బొటనవేలితో నొక్కి చూసి చాలనుకోవద్దు. మన ఎండలకు ఇంకో సంగతి ఉంది: పొద్దున 27 డిగ్రీలప్పుడు నింపిన బంతి మధ్యాహ్నం ఎండలో 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. సంచీ నీడలో పెట్టి, ఆట మొదలయ్యే ముందు మళ్లీ చూడండి.

హాల్లోకి రన్నింగ్ షూస్ వద్దు, మడమ ఎత్తుగా ఉంటుంది, చీలమండ మడత పడుతుంది. చదునుగా ఉన్న గమ్ సోల్ కావాలి, అవి మట్టిలోకి పోకూడదు. గుమ్మం దగ్గర తడి గుడ్డ పరిచి సోల్స్ తుడిపించండి.

లైన్ జడ్జి, చిత్తూరు

రొటేషన్ గురించి. 2025-28 రూల్ బుక్ ప్రకారం సర్వీస్ వేసే జట్టు ఎక్కడైనా నిలబడొచ్చు. క్రమం పాటించాల్సింది తీసుకునే జట్టే, అదీ సర్వర్ బంతిని కొట్టే క్షణం వరకే. చూసేది పాదాలే. 4 ముందు 5 వెనక, 3 ముందు 6 వెనక, 2 ముందు 1 వెనక. పక్కల లెక్కా అంతే, పక్కపక్కన ఉన్నవాళ్లతోనే పోలిక. మీ సెటర్ 1లో ఉంటే 2లో ఉన్న అమ్మాయి వెనకే దాక్కుని నిలబడమనండి, బంతి కొట్టగానే నెట్టు దగ్గరకు పరుగు. 6లో ఉన్నామె సెటర్ కంటే కుడికి పోకుండా చూసుకోవాలి, ఫాల్ట్ పడేది ఎక్కువగా అక్కడే. ఆరు రొటేషన్లూ ముగ్గుపిండితో నేల మీద గీసి, ఒక్కోదానిలో నిలబెట్టి చూపించండి, బోర్డు మీద చెప్తే తలకెక్కదు.

లిబెరో అక్క

కాగితాలు మిగిలిపోయాయి. వయసు లెక్క జనవరి 1తో. 2025 అండర్-21కు 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ప్రపంచ పోటీలు అండర్-21, అండర్-19 బేసి సంవత్సరాల్లో, ఆసియా అండర్-20, అండర్-18 సరి సంవత్సరాల్లో. స్కూల్ గేమ్స్ అండర్-17తో దీన్ని కలపొద్దు.

ఎంపిక కాకముందే చూసుకోవాల్సింది పేరు. జనన ధ్రువపత్రం, టెన్త్ మెమో, ఆధార్ మూడింట్లో ఒకే స్పెల్లింగు, ఒకే తేదీ ఉండాలి. మన దగ్గర బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా రాసేస్తారు, పాస్‌పోర్టులో ఇనిషియల్ కుదరదు, పూర్తిగా విడమరచాలి. పద్దెనిమిది నిండని పిల్లకు తల్లిదండ్రుల సమ్మతి పత్రం (అనెగ్జర్-డి) కావాలి. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది, విజయవాడ పోనక్కర్లేదు. క్యాంపు పిలుపు వచ్చాక పేరు దిద్దించే టైం ఉండదు కాబట్టి మెమోలో తప్పుంటే ఇప్పుడే అర్జీ పెట్టించండి.